గాజు పలక మీది రక్తం



హైదరాబాద్ నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగి రెడ్‌హిల్స్ వైపు నడిస్తే, కాస్త దూరంలోనే రెండు పెద్ద సర్కారు దవాఖానాలు కనిపిస్తాయి. ఒకటి నిలోఫర్, పిల్లల ఆసుపత్రి. రెండోది ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. వికారాబాద్ నుంచి, తాండూరు నుంచి, పాలమూరు నుంచి, ఆదిలాబాద్ నుంచి వచ్చేవాళ్ళ చేతుల్లో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులోని కాగితాల్లో అన్నిటికన్నా పైన ఉండేది సీబీపీ రిపోర్టు. రక్తపరీక్ష అనగానే మన నగరంలో ఎవరి నోటనైనా వచ్చే మాట సీబీపీ.

ఆ రిపోర్టు చేతికి రాగానే అందరూ రెండు అంకెలే వెతుకుతారు. హిమోగ్లోబిన్ ఎంత? ప్లేట్‌లెట్లు ఎన్ని? కాగితం అడుగున పెరిఫెరల్ స్మియర్ అని రాసి ఒకటి రెండు వాక్యాలు ఉంటాయి. వాటిని చదివేవాళ్ళు తక్కువ. కొన్ని రిపోర్టుల్లో అసలవి ఉండనే ఉండవు. ఈరోజు నేను మాట్లాడబోయేది ఆ రెండు వాక్యాల గురించి. ఎందుకంటే చాలా సందర్భాల్లో జబ్బు పేరు దొరికేది అక్కడే.

ఇవాళ రక్తకణాలను లెక్కపెడుతున్నది యంత్రం. అమెరికాలో వాలెస్ కౌల్టర్ కనిపెట్టిన పద్ధతికి 1953లో పేటెంటు వచ్చింది. రక్తాన్ని లవణ ద్రావణంలో బాగా పలచన చేసి, కణాలను సన్నని రంధ్రంలోంచి ఒక్కొక్కటిగా పంపుతారు. ఒక కణం దాటినప్పుడల్లా అక్కడి విద్యుత్ ప్రవాహానికి చిన్న అడ్డంకి కలుగుతుంది. అడ్డంకుల లెక్క కణాల లెక్క అవుతుంది. అడ్డంకి ఎంత పెద్దదో దాన్నిబట్టి కణం సైజు తెలుస్తుంది. నిమిషంలో వేల కణాలు లెక్కకు వస్తాయి. ఇది గొప్ప మేలు, కాదనను. అయితే జనాభా లెక్క ఊళ్ళో ఎంతమంది ఉన్నారో చెబుతుంది. ఎవరు మంచం పట్టారో, ఎవరు కొత్తగా చొరబడ్డారో చెప్పదు. అది తెలియాలంటే ఊళ్ళోకి వెళ్ళి చూడాల్సిందే. రక్తంలోకి వెళ్ళి చూడడమే స్మియర్.

దాన్ని ఎలా చేస్తారో చెబుతాను. గాజు స్లైడు ఒక కొసన చిన్న రక్తపు బొట్టు పెడతారు. ఇంకో స్లైడు అంచును వాలుగా ఆ బొట్టుకు ఆనించి, రక్తం అంచు పొడవునా పాకగానే, ఒకే ఊపులో ముందుకు తోస్తారు. పూత మొదట మందంగా ఉండి, పోనుపోను పల్చబడుతుంది. ఆ పల్చని చోట కణాలు ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా పరుచుకుంటాయి. చూడాల్సింది అక్కడ. స్లైడు మీద జిడ్డున్నా, చెయ్యి తడబడినా, రక్తం తీసి గంటల తరబడి నిలవ ఉంచినా పూత చెడుతుంది. పూత చెడితే ఎంత గొప్ప డాక్టరైనా చేయగలిగింది ఏమీ లేదు.

ఆరిన పూత మీద లీష్మన్ రంగు పోస్తారు. విలియం లీష్మన్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు 1901లో తయారుచేసిన రంగు ఇది. రెండు నిమిషాలు ఆగి, దానికి రెట్టింపు బఫర్ నీళ్ళు కలిపి, మరో ఏడు నుంచి పది నిమిషాలు ఉంచి కడుగుతారు. ఇందులోని ఇయోసిన్ హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది, ఎర్ర కణాలు గులాబీ రంగులోకి వస్తాయి. మిథిలీన్ బ్లూ నుంచి పుట్టిన రంగులు తెల్ల కణాల కేంద్రకాలను ఊదాగా మారుస్తాయి. తర్వాత స్లైడు మీద ఒక నూనె చుక్క వేసి, నూరు రెట్ల కటకాన్ని దానికి తాకించి, పది రెట్ల కంటి కటకంలోంచి చూస్తారు. అంటే వెయ్యి రెట్లు పెద్దదిగా. వందేళ్ళు దాటినా మన దేశంలో ఎన్నో ల్యాబుల్లో ఇప్పటికీ ఇదే పద్ధతి.

ఆరోగ్యవంతుడి రక్తంలో ఏం కనిపిస్తుంది? ఎర్ర కణాలు గుండ్రంగా, దాదాపు ఒకే సైజులో, నడుమ కాస్త పాలిపోయి ఉంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో వెయ్యో వంతుకు ఏడెనిమిది రెట్లుంటుంది. దాని ఆయుష్షు సుమారు 120 రోజులు. తెల్ల కణాలు ఐదు రకాలు. న్యూట్రోఫిల్, లింఫోసైట్, మోనోసైట్, ఇయోసినోఫిల్, బేసోఫిల్. వాటి మధ్య ప్లేట్‌లెట్లు చిన్నచిన్న ఊదా చుక్కలుగా ఉంటాయి. ఈ మామూలు దృశ్యం కంటికి అలవాటు కావాలి. అప్పుడే తేడా వచ్చిన చోట చూపు ఆగుతుంది.

చూపు ఆగడం అంటే ఏమిటో చెప్పే ఉదాహరణ మన జంటనగరాల్లోనే ఉంది. రొనాల్డ్ రాస్ ఇండియన్ మెడికల్ సర్వీసులో డాక్టరు. ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లో అల్జీరియాలో రోగి రక్తంలో మలేరియా పరాన్నజీవిని చూశానన్నప్పుడు చాలామంది నమ్మలేదు. రాస్ కూడా చాలాకాలం నమ్మలేదు. 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మ్యాన్సన్ ఆయనను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి స్లైడు మీద దాన్ని చూపించాడు. అప్పుడు నమ్మాడు. ఆ తర్వాత సికిందరాబాద్ వచ్చి, రోగుల రక్తం, దోమల కడుపులు చూస్తూ కూర్చున్నాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమలతో కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు, దోమకు ఒక అణా చొప్పున. ఉక్కపోతలో పంకా కూడా వేసుకునే వీల్లేదు, వేస్తే కోసిపెట్టుకున్న దోమలు ఎగిరిపోతాయి. మైక్రోస్కోపు మరలు ఆయన చెమటకే తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క కంటి కటకమూ పగిలి ఉంది.

1897 ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో గుండ్రటి కణాలు కొన్ని, వాటిలో నల్లని రేణువులు కనిపించాయి. అవి మలేరియా రేణువులేనని ఆయనకు ఎలా తెలిసింది? మలేరియా క్రిమి మన ఎర్ర కణంలోని హిమోగ్లోబిన్‌ను తిని మిగిల్చే నల్లని పదార్థం అదే. రోగుల రక్తపు స్లైడుల్లో ఆయన దాన్ని ఎన్నోసార్లు చూసి ఉన్నాడు. ఆ ఆనవాలు కళ్ళకు పట్టి ఉంది కాబట్టే దోమ కడుపులో దొరకగానే గుర్తించాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆయన పేరిట ఉన్న సంస్థ ఇప్పటికీ ఆ పరిశోధనను గుర్తుచేస్తుంది. ఆగస్టు 20ని ప్రపంచమంతా దోమల దినంగా జరుపుకుంటుంది.

ఇవాళ మలేరియాకు పది, పదిహేను నిమిషాల్లో తేలిపోయే కిట్లు వచ్చాయి. మారుమూల తండాలో, గూడెంలో అవి ప్రాణం నిలబెడతాయి. అయినా స్లైడు పని తీరిపోలేదు. ఫాల్సిపారమ్ రకం మలేరియాను పట్టే కిట్టు, మందు వేసి జబ్బు తగ్గాక కూడా కొన్ని వారాలపాటు ఉందనే చూపించవచ్చు. బతికున్న క్రిమి ఉందా లేదా, నూటికి ఎన్ని ఎర్ర కణాల్లో ఉంది, మందుకు తగ్గుతోందా లేదా అన్నది స్లైడే చెప్పాలి. వైవాక్స్ రకమైతే క్రిమి చేరిన ఎర్ర కణం ఉబ్బి, సన్నని చుక్కలతో ఉంటుంది. ఫాల్సిపారమ్ అయితే ఒకే కణంలో రెండు మూడు సన్నని ఉంగరాలుంటాయి, కొన్నిసార్లు అరటిపండు ఆకారంలోని రూపాలు కనిపిస్తాయి. ఈ రెంటికీ చికిత్స వేరు. ఫాల్సిపారమ్ మెదడుకు ఎక్కితే గంటలు కూడా విలువైనవే. ఒకసారి స్లైడులో కనబడనంత మాత్రాన మలేరియా లేదని అనుకోవద్దు. చలిజ్వరం తగ్గకపోతే మళ్ళీ రక్తం తీయించాలి.

ఇక రక్తహీనత సంగతి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 67 మందికి ఉంది. ఈ లోపం తల్లులకు మరీ ప్రమాదం. మొదట్లో చెప్పిన నిలోఫర్ ఆసుపత్రి పుట్టుక వెనక కూడా ఒక తల్లి విషాదం ఉంది. యువరాణి నిలోఫర్ దగ్గర పనిచేసిన రఫత్ అనే యువతి 1949లో ప్రసవంలో కన్నుమూసింది. సరైన వైద్యం అందక మరో తల్లి అలా పోకూడదన్న తపనతోనే ఆ ఆసుపత్రి వచ్చింది, 1953లో తలుపులు తెరిచింది. ప్రసవ మరణాలకు పెద్ద కారణాల్లో రక్తస్రావం ఒకటి. ఒంట్లో ముందే రక్తం లేని తల్లి ఆ నష్టాన్ని తట్టుకోలేదు.

అయితే రక్తం తక్కువ అన్నది జబ్బు పేరు కాదు, అది ఒక లక్షణం. హిమోగ్లోబిన్ 8 ఉన్న ముగ్గురు మనుషులకు మూడు వేర్వేరు జబ్బులు ఉండవచ్చు. స్లైడు మైక్రోస్కోపు కింద పెడితే మూడూ విడివిడిగా కనిపిస్తాయి. ఇనుము లోపిస్తే ఎర్ర కణాలు చిన్నబోయి, నడుమ బాగా పాలిపోయి, కొన్ని సన్నగా పొడుగ్గా సాగి ఉంటాయి. బీ12 గానీ ఫోలిక్ యాసిడ్ గానీ లోపిస్తే ఎర్ర కణాలు పెద్దవవుతాయి, న్యూట్రోఫిల్ కేంద్రకం ఐదారు తునకలుగా విడిపోయి కనిపిస్తుంది. వంశపారంపర్యంగా వచ్చే తలసీమియా జబ్బు వాహకులలో కణాలు చిన్నవే, కానీ లెక్కలో ఎక్కువ. కొన్నింటి నడుమ గురిబిళ్ళలాగా రంగు చుక్క ఉంటుంది. ఇనుము లోపం, తలసీమియా రెండింటిలోనూ కణాలు చిన్నవే కాబట్టి పొరబడడం తేలిక. తలసీమియా వాహకులకు ఇనుము లోపం లేకపోయినా ఏళ్ళ తరబడి ఐరన్ మాత్రలు వేయిస్తే ఒరిగేదేమీ లేదు. పైగా ఒంట్లో ఇనుము అనవసరంగా పేరుకుంటుంది.

ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు ప్రాంతాల గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. ఈ జబ్బులో ఎర్ర కణం ఆక్సిజన్ తగ్గినచోట కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఒళ్ళంతా నొప్పులు, కామెర్లు, మాటిమాటికీ జ్వరం. 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ ఆ వంకర కణాలను మొదట వర్ణించినదీ మైక్రోస్కోపు చూసే. 2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. వాహకుల స్లైడు మామూలుగానే కనిపించవచ్చు. అందుకే వాళ్ళకు హెచ్‌పీఎల్‌సీ వంటి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. స్లైడు ఏం చెప్పగలదో తెలిసినవాళ్ళకు, ఏం చెప్పలేదో కూడా తెలిసి ఉండాలి.

ఇందాక చెప్పిన పెద్ద ఎర్ర కణాల కథలో మన భీమవరం మనిషి ఒకరున్నారు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరుణ్ణి తీసుకుపోయింది, ఆయననూ పట్టుకుంది. ఆ జబ్బులో రక్తహీనత వస్తుంది, ఎర్ర కణాలు పెద్దవై, లెక్కలో తగ్గిపోతాయి. లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, గర్భిణులైన మిల్లు కార్మిక స్త్రీలలో ఇలాంటి పెద్ద కణాల రక్తహీనతనే చూసి, ఈస్టు సారంతో నయమవుతుందని తేల్చారు. ఆ సారంలోని మందు ఫోలిక్ యాసిడ్. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు గారి బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఇవాళ ప్రతి గర్భిణి చేతిలో పెట్టే ఐరన్ మాత్రలో ఆ ఫోలిక్ యాసిడ్ ఉంది.

అక్కడితో ఆగలేదు. ఫోలిక్ యాసిడ్ లేకపోతే కణాలు పెరగలేవు. అలాంటప్పుడు అదుపు తప్పి పెరిగే క్యాన్సర్ కణాలకు దాన్ని అందకుండా చేస్తే? సుబ్బారావు గారి ప్రయోగశాల నుంచి వచ్చిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా అనే రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. ఫార్బర్ వృత్తిరీత్యా పాథాలజిస్టు, మైక్రోస్కోపు మనిషి. 1948 జూన్‌లో వచ్చిన ఆయన వ్యాసం ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించింది. అంతకు ముందు ఆ జబ్బుకు మందే లేదు. ఆ తర్వాత రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు గారు కన్నుమూశారు. అమినోప్టెరిన్ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల లుకేమియా చికిత్సలో ముఖ్యమైన మందు. బోదకాలు నివారణకు మన ఊళ్ళలో ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం కృషే. ఆ బోదకాలు క్రిములు రక్తంలో రాత్రిపూటే తిరుగుతాయి కాబట్టి, ఆరోగ్య సిబ్బంది రాత్రి వేళ ఊళ్ళలోకి వచ్చి వేలి నుంచి రక్తం తీసి స్లైడు చేస్తారు. ఆ పని విలువ తెలిసి సహకరించండి.

లుకేమియా మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఎంఎన్‌జే ఆసుపత్రి 1955 నుంచి రెడ్‌హిల్స్‌లో ఉంది, మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద. అక్కడికి చేరే ఎందరో పిల్లల విషయంలో మొదటి అనుమానం ఎక్కడో చిన్న ల్యాబులో ఒక స్లైడు చూసినప్పుడే పుడుతుంది. ఎముక మూలుగలో ఉండాల్సిన పసికణాలు, బ్లాస్టులు, రక్తంలోకి వచ్చేస్తాయి. కణమంతా కేంద్రకమే నిండి ఉంటుంది. యంత్రం వాటిని లింఫోసైట్లుగానో మోనోసైట్లుగానో లెక్కేయవచ్చు. చూసిన కన్ను మాత్రం వదలదు. ఒక రకం లుకేమియాలో, ప్రోమైలోసైటిక్ అంటాం, కణాల లోపల సన్నని ఎర్రటి కడ్డీలు గుత్తులుగా కనిపిస్తాయి. అందులో రక్తస్రావంతో ప్రాణం పోయే ప్రమాదం ఎక్కువ. కానీ గుర్తించిన వెంటనే, మిగతా పరీక్షల కోసం ఆగకుండా, విటమిన్ ఏ నుంచి వచ్చిన ఒక మందు మొదలుపెడితే, పూర్తిగా నయమయ్యే అవకాశం ఎక్కువున్న లుకేమియా కూడా అదే. ఆ స్లైడును ఆ పూటే ఎవరైనా చూశారా లేదా అన్నదాని మీద ఒక ప్రాణం ఆధారపడుతుంది.

ఇంకో మాట. పిల్లవాడికి వారాల తరబడి జ్వరం, ఒంటి మీద నీలి మచ్చలు, ఎముకల నొప్పి, పాలిపోవడం ఉంటే, రక్తం చూడకుండా స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించకండి. స్టెరాయిడ్‌కు లింఫోబ్లాస్టులు కొన్నాళ్ళు కరిగిపోతాయి. జ్వరం తగ్గినట్టు ఉంటుంది. జబ్బు ముఖం దాచుకుంటుంది. తర్వాత అది బయటపడేసరికి గుర్తించడమూ చికిత్సా రెండూ కష్టమవుతాయి.

వానాకాలం వచ్చిందంటే నగరమంతా ప్లేట్‌లెట్ల భయం. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. రిపోర్టులో ముప్ఫై వేలు అని చూడగానే ఇల్లంతా కుదేలవుతుంది. డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గడం నిజమే. అయితే ఊదారంగు మూత గొట్టంలో ఉండే ఈడీటీఏ అనే రసాయనం వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గొట్టంలోనే గుంపులు కడతాయి. గుంపును యంత్రం ప్లేట్‌లెట్లుగా గుర్తించదు, లెక్క తప్పుగా తక్కువ వస్తుంది. కొందరికి పుట్టుకతోనే ప్లేట్‌లెట్లు పెద్దవిగా ఉంటాయి, అవీ లెక్కలోకి రావు. స్లైడు చూస్తే ఈ సంగతి నిమిషాల్లో తేలుతుంది. అప్పుడు వేరే గొట్టంలో మళ్ళీ రక్తం తీసి లెక్కపెట్టవచ్చు. డెంగీ రోగి విషయంలోనూ అంకె ఒక్కటే చూడకండి. కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం, మగత, మూత్రం తగ్గడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంత పనీ చేసేది ఎవరు? ల్యాబ్ టెక్నీషియన్లు. పేరు ఎక్కడా కనబడని మనుషులు. ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసినప్పుడు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ రంగుల బొమ్మలున్న పాత హెమటాలజీ పుస్తకాల కోసం వెతికే కుర్రాళ్ళనూ అమ్మాయిలనూ చూస్తుంటాను. కొనండి, చదవండి. మందులు మారతాయి, యంత్రాలు మారతాయి, కానీ యాభై ఏళ్ళ నాటి పుస్తకంలో మలేరియా ఉంగరం ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. బొమ్మలతోనే ఆగకండి. అనుభవమున్న టెక్నీషియన్ పక్కన కూర్చుని రోజూ స్లైడులు చూడండి. యంత్రం అనుమానంగా గుర్తుపెట్టిన ప్రతి నమూనాకూ స్లైడు చేయండి. అర్థం కానిది కనిపిస్తే పాథాలజిస్టుకు చూపించండి. చూడకుండా రిపోర్టులో అంతా మామూలేనని మాత్రం ఎప్పుడూ రాయకండి.

ల్యాబులు నడిపేవారికి, ఆసుపత్రుల పెద్దలకు కూడా ఒక విన్నపం. కొత్త యంత్రానికి లక్షలు పెట్టినప్పుడు, ఒక మంచి మైక్రోస్కోపుకూ, దాని ముందు తీరిగ్గా కూర్చోగల ఒక మనిషికీ కూడా డబ్బు పెట్టండి. గంటకు వంద రిపోర్టులు పంపాలనే తొందరలో ఉన్న మనిషి దేన్నీ సరిగా చూడలేడు.

శ్రోతలారా, మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. చలిజ్వరం వస్తే మలేరియా మాత్ర మింగకముందే రక్తం ఇవ్వండి. రక్తం తక్కువ అంటే ఎందువల్ల తక్కువ అని అడగండి, కారణం తెలియకుండా టానిక్కులు కొనకండి. పెళ్ళికి ముందో, గర్భం దాల్చిన తొలి నెలల్లోనో తలసీమియా, సికిల్ సెల్ పరీక్ష చేయించుకోండి. పాత రిపోర్టులు పారేయకుండా తేదీల వారీగా దాచుకోండి, రెండేళ్ళ కిందటి అంకె ఇవాళ్టి అంకెకు అర్థం చెబుతుంది. ప్లేట్‌లెట్లు బాగా తక్కువ వచ్చినా, తెల్ల కణాలు బాగా ఎక్కువో తక్కువో వచ్చినా, కారణం తెలియని రక్తహీనత ఉన్నా, డాక్టరు గారిని ఒక్క ప్రశ్న అడగండి. స్మియర్ చూశారా, అందులో ఏముంది? అలా అడగడం మీ హక్కు. ఆ పరీక్షకు అయ్యే ఖర్చు చాలా తక్కువ. సర్కారు దవాఖానాలో అది కూడా ఉండదు. సిగ్గుపడకుండా అడగండి.